ఓడ యెక్కుటకు ముందు

గోదావరి తీరమునుండి యొక సోదరి వ్రాసిన జాబు ఈ మాసము మా యెదుట నున్నది. ఆమె కుమారుడును కోడలును అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున కాపురమున్నారు. ఆమెయు భర్తయు వారికడ నారు మాసములుండుటకు పోవుచున్నారు. డిసెంబరులో నందఱును కలసి గాల్వెస్టన్ రేవున ఓడ నెక్కి, ఏడు రాత్రులు సముద్రమున విహరించి, జమైకా, గ్రాండ్ కేమన్, మెక్సికోలోని కొజుమెల్ చూచి మరల నదే రేవున దిగవలెనని కుమారుడు నిశ్చయించెనట. "ఎన్ని చీరలు కావలెను? ఆవకాయ తీసికొనిపోనిత్తురా?" అని ఆ సోదరి యడుగుచున్నారు.

చీరల మాట పిదప చెప్పెదము. ముందుగా పాస్‌పోర్టు తెఱచి వీసా గడువు చూడుడు.

ఓడ పరదేశపు రేవును తాకినంతనే మనము అమెరికా విడిచి పోయినట్లే యగును. తిరిగివచ్చుట క్రొత్త ప్రవేశము. కావున వీసా పలుమాఱులు ప్రవేశించుట కనుమతించునదై యుండవలెను. తిరిగి రేవు చేరు దినమునకు దాని గడువు మిగిలి యుండవలెను. విమానాశ్రయమున నధికారులు ఆరు మాసములుండు డని యిచ్చు ననుమతి వేఱు, వీసా గడువు వేఱు. ఈ రెంటిని ఒకటిగా భావించుటచేతనే పెక్కు చిక్కులు కలుగుచున్నవి. జన్మపత్రము చూపి పోయి రావచ్చునని అచ్చటి స్నేహితులు చెప్పవచ్చును. ఆ సదుపాయము అమెరికా పౌరులకే గాని మనకు లేదు.

మే మెఱిగిన యొక కుటుంబమున నిట్లే జరిగినది. పదేండ్లకు ముందు పొందిన వీసాతో తల్లి కుమార్తె యింటికి పోయినది. ఉండుట కనుమతి యింకను నాలుగు మాసములున్నది. వీసా గడువు మాత్రము ఓడ కదలుటకు పది దినములు ముందే తీఱినది. రేవున కాగితములు చూచువారు ఆమె నెక్కనీయలేదు. కుమార్తె తల్లితో నిలచిపోయినది. అల్లుడు బిడ్డలను తీసికొని ఓడ నెక్కినాడు. చెల్లించిన సొమ్ము రాలేదు. "నా మూలమున మీ పండుగ చెడినది" అని యా తల్లి నేటికిని అనుచుండును. ఆమె చేసిన తప్పేమి? గదులు, వినోదములు, విందులు అన్నియు నెలల తరబడి విచారించిన యా యింట ఆమె పాస్‌పోర్టును తెఱచి చూచినవా రొక్కరును లేరు.

రెండవ మాట కొంచెము సున్నితమైనది. ఆ సోదరి జాబు చివర మనుమనికి రెండేండ్లని వ్రాసినారు. ఓడలలో పిల్లల నాడించు గదులున్నవని కోడలు చెప్పియుండును. నిజమే. కాని సాధారణముగా మూడేండ్లు నిండి, మూత్ర విసర్జన మాట స్వయముగా చెప్పగలవారినే అందు చేర్చుకొందురు. గుడ్డలు కట్టు పసివాండ్రను పెద్ద యీత కొలనులలో దింపనీయరు. అట్లయిన రాత్రి నాటకము చూడ నందఱును పోవునపుడు బాలునికడ నెవరుందురు? ముందుగా ననుకొననిచో నాయనమ్మయే యుండును. ఎవరును అడుగరు, ఆమెయు కాదనదు. ఇల్లు విడిచి, వంట విడిచి, సముద్రము దాటి పోయియు గదిలో చంటివానిని జోకొట్టుచు కూర్చుండుటయే యైనచో ఆ విహారము ఎవరిది? మనుమడు భారమని మే మనుటలేదు. ఏ రాత్రి యెవరి వంతో టిక్కెట్టు కొనకముందే నవ్వుచు మాటలాడుకొనుడు. కోడలికిని అందువలన మేలే.

గది యెన్నుకొనునపుడు కుమారుడు సముద్రము కనబడు వసారా గల గదిని చూచును. మీరు ఓడ నడిమిభాగమున, క్రింది అంతస్తులలో, లిఫ్టునకు చేరువగా నున్న గది నడుగుడు. ఓడ యూగుట అచ్చట తక్కువ. శీతకాలమున ఉత్తరపు గాలులు వీచినపుడు మెక్సికో సింధుశాఖ కొంత చెలరేగును. జమైకా చేరుటకు సుమారు రెండు దినములు నడిసముద్రముననే గడపవలెను.

డిసెంబరు నెన్నుకొనుట మంచిదే. ఆ సముద్రమున తుపానుల కాలము జూను 1 మొదలు నవంబరు 30 వఱకు. ఆగస్టు నడుమనుండి అక్టోబరు వఱకు ఉద్ధృతి మిక్కుటము. 2025 అక్టోబరు 28వ తేదీన మెలిస్సా యను పెనుతుపాను జమైకా పడమటి భాగమును ధ్వంసము చేసినది. 1977 నవంబరులో దివిసీమ చూచిన మనకు దాని యర్థము వేఱుగా చెప్ప నక్కఱలేదు. ఏ కాలమందైనను, వాతావరణము ననుసరించి రేవులను మార్చు హక్కు ఓడ కంపెనీకే కలదు. జమైకాకు బదులు మఱియొకటి చూపినను నష్టపరిహార మడుగుటకు వీలుండదు.

భర్తకు మధుమేహమని వ్రాసినారు. ఓడలో వైద్యుడుండును, రుసుము మాత్రము గది లెక్కలో చేరును. అమెరికా ప్రయాణమునకై కొన్న ఆరోగ్య బీమా ఓడమీదను, ద్వీపములందును చెల్లునా యని వ్రాతమూలకముగా తెలిసికొనుడు. ఇన్సులిను చల్లగా నుంచుటకు గదిలో చిన్న పెట్టె కావలెనని ముందే కోరవచ్చును. భోజనశాలలో తినుటకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుడు; ఓడలలో వ్యాపించు నోరోవైరసు వాంతులకు, విరేచనములకు చేతికి రాచుకొను ద్రవము చాలదు.

ఇక ఆవకాయ. ఇంట చేసిన భోజనపదార్థములను చాల ఓడలలో రానీయరు. అంగడిలో ముద్రవేసి యమ్ము పొట్లములను కొంతవఱకు రానిత్తురు. అన్నము వండు కుక్కరు, ఇస్త్రీపెట్టె అగ్నిభయముచే నిషిద్ధములు. శాకాహారమని టిక్కెట్టు కొన్న వెంటనే తెలుపుడు. పెద్ద ఓడలలో పెక్కింట పప్పు, కూర, అన్నము చేసి పెట్టుదురు. మొదటి రాత్రియే వడ్డించువాని పెద్దతో మాటలాడినచో మఱునాటినుండి సుఖము. చెల్లించిన ధరలో భోజనము చేరియుండును గాని సేవకుల బహుమానము, ఇంటర్‌నెట్టు, ద్వీపములలో తిరుగుట తఱచుగా వేఱు. బహుమానము మనిషి కొక్కొక్క దినమున కింతయని లెక్కలో వ్రాయుదురు. ఐదుగురికి ఏడు దినములు హెచ్చవేసి చూడుడు, కుమారుడు తెలుపుటకు మొగమోటపడిన మొత్తము అదే కావచ్చును.

జమైకాలో దిగినపుడు ఒక మాట తలచుకొనుడు. 1845 మే 10వ తేదీన బ్లండెల్ అను నోడ మన దేశపు కూలీలను మొదట ఆ ద్వీపమున దింపినది. అదే మాసము 30వ తేదీన ఫతెల్ రజాక్ అను నోడ ట్రినిడాడు చేరినది. కలకత్తానుండి దానికి నూఱు దినములకు పైగా పట్టినది. ఆ సముద్రపు దీవులకును గయానాకును మదరాసు రేవునుండి పోయినవారిలో తమిళులతోపాటు తెలుగువారును కలరు. చెఱకు తోటలలో పనిచేయుటకు ఒప్పందము వ్రాసి పోయిన యా స్త్రీలకు తిరుగు ప్రయాణపు దినము తెలియదు. జమైకా వీధులలో నేటికిని కూరపొడి వాసన వచ్చును. అంగడిలో నొక పొట్లము కొని వాసన చూడుడు, మీ యింటి పొడితో పోల్చుకొనవచ్చును.

దిగిన చోట గడియారము మాత్రము ఓడ కాలమునే చూపవలెను. ద్వీపపు కాలము వేఱుగా నుండవచ్చును. ఆలస్యమైన వారికొఱకు ఓడ నిలువదు.

చీరలు ఏడు చాలును. రెండు రాత్రులు అందఱును అలంకరించుకొని భోజనమునకు వత్తురు, పట్టుచీర యొకటి ఆ పూటలకు. ద్వీపములలో నూలుచీరయు, జాఱని చెప్పులును. మనుమనికి సైనికుల యుడుపులవంటి మచ్చల గుడ్డలు వలదు. జమైకాలో సామాన్యులు వానిని ధరింపరాదని చట్టము. రేవున పెట్టెలు కూలివాండ్ర కిచ్చిన పిదప గదికి చేరుటకు సాయంకాల మగును. మందులు, పాస్‌పోర్టులు, బాలుని గుడ్డలు, మీ చీర యొకటి చేతిసంచిలో నుంచుకొనుడు.