ఆఖర్న వచ్చినవాడికే దండలా?

అమెరికాలో ఉండే మనవాళ్ళు చాలామందికి బేస్‌బాల్ అంటే ఆఫీసువాళ్ళిచ్చిన టికెట్లు, నాచోలు, ఏడో ఇన్నింగ్ అవగానే పార్కింగ్ లాట్ వైపు నడక. అసలు సరదా మొదలయ్యే చోటే లేచి వచ్చేస్తారన్నమాట. ఆ చివర్లో దిగే రిలీఫ్ పిచర్లని ఎలా అంచనా కట్టాలన్నది ఈ ఆటలో ఎడతెగని గొడవ. అక్కడ వాడే కొలతల్లో సగం తప్పుడు కొలతలేనని నా గట్టి నమ్మకం.

ముందు రెండు ముక్కల్లో సంగతి. ఆట మొదలుపెట్టేవాడు స్టార్టర్. అతను అలిసిపోయాక వచ్చేవాళ్ళు రిలీవర్లు. తొమ్మిదో ఇన్నింగ్‌కి వచ్చి ఆట ముగించేవాడు క్లోజర్. మూడు పరుగులో అంతకన్నా తక్కువో ఆధిక్యం ఉండగా వచ్చి, ఓ ఇన్నింగ్ వేసి, గెలుపు చెయ్యి జారకుండా చూస్తే అతని ఖాతాలో ఓ 'సేవ్' పడుతుంది. షికాగో విలేఖరి జెరోమ్ హోల్ట్జ్‌మన్ బుర్రలో పుట్టిన ఈ లెక్కకి 1969లో అధికారిక హోదా వచ్చింది.

తిరకాసెక్కడంటే, తొమ్మిదో ఇన్నింగ్‌కి మూడు పరుగులు ముందున్న జట్టు నూటికి 95 సార్లకి పైగా ఎలాగూ గెలుస్తుంది. ఏడో ఇన్నింగ్‌లో, ఒక్క పరుగు తేడాతో, బేస్‌ల మీద ఇద్దరుండగా వచ్చి గట్టెక్కించినవాడికి సేవ్ లేదు. 2007లో క్లీవ్‌లాండ్ జట్టునే చూడండి. జో బొరౌస్కీకి 45 సేవ్‌లు, అమెరికన్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. అతని ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చుకున్న సగటు పరుగులు, 5.07! అతనికి ముందు వచ్చే రఫేల్ బెటాన్‌కోర్ట్ ఈఆర్ఏ 1.47. 80 మందిని స్ట్రైకౌట్ చేసి, వాక్ ఇచ్చింది తొమ్మిదంటే తొమ్మిది మందికి. సేవ్‌లు మూడు. మరుసటేడు జులైలో బొరౌస్కీని జట్టు వదిలించుకుంది.

కొలత తప్పయితే పోయేది పేరొక్కటే కాదు, మ్యాచ్ కూడా. 2016లో బాల్టిమోర్ క్లోజర్ జాక్ బ్రిటన్ 47 అవకాశాల్లో 47 సేవ్‌లు చేశాడు, ఈఆర్ఏ 0.54. అక్టోబరు 4న టొరంటోలో, ఓడితే ఇంటికే అనే మ్యాచ్. స్కోరు సమానం. ఆధిక్యం వచ్చాక దింపుదామని మేనేజర్ బక్ షోవాల్టర్ అతన్ని అట్టేపెట్టాడు. ఆధిక్యం రాలేదు. 11వ ఇన్నింగ్‌లో ఉబాల్డో హిమెనెజ్ వేసిన బంతిని ఎన్‌కార్నసియోన్ హోమ్ రన్ కొట్టాడు. సీజన్ ముగిసింది. బ్రిటన్ ఒక్క బంతి కూడా వెయ్యలేదు.

పోనీ ఈఆర్ఏని నమ్ముదామా అంటే అదీ రిలీవర్ దగ్గర కుంటుతుంది. ఏడాదికి అతను వేసేది 60, 70 ఇన్నింగ్స్. 60 ఇన్నింగ్స్‌లో 20 పరుగులిస్తే 3.00. ఒక్క పాడు రాత్రి ఇంకో ఐదు పరుగులు పోతే అదే 3.75. పైగా అతను వచ్చేసరికి బేస్‌ల మీదున్నవాళ్ళు స్కోరు చేస్తే ఆ పరుగులు ముందు పిచర్ ఖాతాలోకి పోతాయి. మీరు చెక్ఇన్ చేసిన బగ్ పక్క సీటువాడి పేరు మీద పడ్డట్టు!

అంచేత నేను చూసేది స్ట్రైకౌట్లు, వాక్‌లు. 2001లో వోరోస్ మెక్‌క్రాకెన్ రాసిన వ్యాసం ఈ ఆలోచనకి ఊపునిచ్చింది. బ్యాట్‌కి తగిలి మైదానంలో పడే బంతి ఫీల్డర్ చేతిలో పడటం, పక్కన పడటం పిచర్ చేతిలో ఉన్నది బాగా తక్కువని అతని వాదన. తొమ్మిదో ఇన్నింగ్‌కి గుండె ధైర్యం వేరే కావాలంటారు కొందరు. కావచ్చు. కానీ 60 ఇన్నింగ్స్ చూసి ధైర్యానికీ అదృష్టానికీ తేడా చెప్పడం ఎవరి తరం?

ఇహ మైనర్ లీగుల సంగతి. 'కాబోయే క్లోజర్' అని అక్కడి కుర్రాడికి బిరుదివ్వడం నాకు అస్సలు నచ్చదు. చాలామంది గొప్ప రిలీవర్లు స్టార్టర్‌గా నెగ్గలేక ఇటొచ్చినవాళ్ళే. 652 సేవ్‌ల మరియానో రివెరా 1995లో పది మ్యాచ్‌లు స్టార్టర్‌గా వేశాడు, ఆ ఏడాది ఈఆర్ఏ 5.51. వేడ్ డేవిస్ 2013లో ఎక్కువగా స్టార్టర్‌గా 5.32, 2014లో రిలీవర్‌గా 1.00. కాబట్టి కుర్రాణ్ణి ముందు స్టార్టర్‌గానే పరీక్షించాలి.

రెండోది, వయసు. 24 ఏళ్ళవాడు లో-ఏలో 20 ఏళ్ళ పిల్లల్ని స్ట్రైకౌట్ చేస్తే అందులో విశేషమేముంది? డబుల్-ఏకి వెళ్ళాక, చెత్త బంతిని వదిలేసే బ్యాటర్ల ముందు వాక్‌లు పెరిగాయా లేదా అన్నది చూడాలి. అలాగని వయసు కూడా వేదం కాదు. 'మిలియన్ డాలర్ ఆర్మ్' పోటీలో గెలిచి 2008లో పిట్స్‌బర్గ్‌తో ఒప్పందం చేసుకున్న మన రింకూ సింగ్ (క్రికెటర్ కాదండోయ్) 2011లో లో-ఏలో ఆడాడు. అప్పటికి 22 దాటాయి. కానీ బేస్‌బాల్ పట్టుకుని మూడు నాలుగేళ్ళే! అతని బౌలింగ్‌ని ఆ వయసు అంకెతో కొలిస్తే అన్యాయం. చివరికి మోచేతి గాయాలు అతని దారి మూశాయి.

ఇదంతా కాలక్షేపం లెక్క కాదు. 2023 ఒప్పందం ప్రకారం ట్రిపుల్-ఏలో కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లు. అదే ఏడాది మేజర్ లీగ్ కనీసం 7,20,000. ఒక మెట్టు తేడా, ఇరవై రెట్ల జీతం. ఆ మెట్టెక్కేదెవరో తప్పుడు కొలతతో తేల్చితే అవతల ఓ మనిషి బతుకే మారిపోతుంది.

మన దగ్గర మాత్రం? రాత్రి రెండింటికి సర్వర్ లేపినవాడికి చప్పట్లు. అది కూలకుండా ఆర్నెల్ల ముందే కోడ్ సరిచేసిన అమ్మాయి పేరు అప్రైజల్ మీటింగులో ఎవరికీ గుర్తు రాదు. ఆ మీటింగులో మాట్లాడే అవకాశం మీకుంటే, ముందు ఆ అమ్మాయి పేరు చెప్పండి.