పొగగొట్టం ఒక్కటే చూస్తే ఎలా?

విజయవాడ హైవే మీద అద్దంకి దారి చీలే చోటు నార్కట్‌పల్లి. హైదరాబాద్ నుంచి వచ్చే బండ్లు చాయ్‌కో పెట్రోలుకో ఇక్కడ ఆగుతాయి. మే నెలలో నల్లగొండ జిల్లా ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండలో నిలిపిన కారు టాంకీలో పెట్రోలు ఆవిరవుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆపి తాళం వేసి వెళ్లినా అది ఆగదు. మన కాలుష్య తనిఖీ మాత్రం పొగగొట్టం దాటి ముందుకు పోవడం లేదు. ఇది వెంటనే సరిదిద్దాల్సిన లోపం.

పెట్రోలులో ఒక శాతం వరకు బెంజీన్ ఉండొచ్చు. అది క్యాన్సర్ తెచ్చే పదార్థం. పైగా పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే ఓజోన్ పుడుతుంది. అందుకే కాలిఫోర్నియా 1970 మోడల్ కార్లకే ఆవిరి కట్టడిని తప్పనిసరి చేసింది.

ఆ కట్టడి చేసేది క్యానిస్టర్ అనే నల్లటి డబ్బా. టాంకీ నుంచి వచ్చే ఆవిరిని అందులోని యాక్టివేటెడ్ బొగ్గు పట్టి ఉంచుతుంది. బండి నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటుంది, ఇంజిన్ ఆ ఆవిరిని లాక్కుని కాల్చేస్తుంది. గాలికి పోవాల్సిన పెట్రోలు ఇంధనంగా పనికొస్తుంది.

దీన్ని చేజేతులా చెడగొట్టే అలవాటొకటి మన బంకుల్లో ఉంది. నాజిల్ టక్కున ఆగాక కూడా ‘రౌండ్ ఫిగర్ చెయ్యి’ అంటూ మూతి దాకా పోయించుకుంటారు. ఆవిరి వెళ్లాల్సిన దారిలోకి పెట్రోలే దిగి బొగ్గు తడిసిపోతుంది. తడిసిన బొగ్గు ఆవిరిని పట్టలేదు.

మంచి మెకానిక్ లక్షణాలను బట్టే తప్పు ఎక్కడో పోల్చుకుంటాడు. పెట్రోలు పోయించిన వెంటనే బండి స్టార్ట్ కాక మొరాయిస్తే పర్జ్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయిందేమోనని అనుమానిస్తాడు. ఇంజిన్ చల్లగా ఐడిల్‌లో ఉండగా క్యానిస్టర్ వైపు గొట్టం ఊడదీసి వాల్వ్ మూతికి వేలు అడ్డం పెడతాడు. చాలా బండ్లలో ఆ సమయంలో గాలి లాగకూడదు. లాగుతుంటే వాల్వ్ పోయినట్టే. టాంకీ సగమే ఉన్నా నాజిల్ మాటిమాటికీ ఆగుతుంటే టాంకీలోని గాలి, ఆవిరి బయటికి పోయే వెంట్ దారి మూసుకుపోయి ఉండొచ్చు. కంటికి కనిపించని పగులును పట్టడానికి స్మోక్ మెషిన్ ఉంది. తక్కువ ఒత్తిడితో పొగ ఎక్కిస్తే లీకున్న చోట బయటికొస్తుంది.

లీకైతే డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది కదా అనుకోవడానికి వీల్లేదు. అమెరికాలో కారు కంప్యూటరే అర మిల్లీమీటరు రంధ్రాన్ని కూడా పసిగట్టాలి. మన నిబంధనలకు మూలమైన యూరప్ పద్ధతిలో పర్జ్ వాల్వ్ విద్యుత్ సర్క్యూట్ బాగుంటే చాలు. అంటే గొట్టం పగిలినా లైటు వెలగకపోవచ్చు. 2020 ఏప్రిల్ 1న వచ్చిన బీఎస్-6 నిబంధనల్లో ఆవిరికి కారుకైతే పరీక్షకు 2 గ్రాములు, టూవీలర్‌కైతే 1.5 గ్రాముల హద్దు ఉంది. కానీ కొత్త మోడల్‌ను మూసిన గదిలో పెట్టి కొలిచే లెక్క అది. నాలుగు ఎండకాలాలు తిన్న బండిని ఎవరు కొలుస్తున్నారు?

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు తనిఖీ కేంద్రాల్లో టాంకీ మూత లీకును ఏళ్ల తరబడి పరీక్షించాయి. తెలంగాణ రవాణా శాఖ కూడా అక్కడే మొదలుపెట్టాలి. మూత బిగువు, గొట్టాల పగుళ్లు, క్యానిస్టర్ స్థితి చూసి ఆ వివరం పొల్యూషన్ సర్టిఫికెట్‌లో రాయించాలి. క్యానిస్టర్ పీకేసిన బండికి సర్టిఫికెట్ ఇవ్వకూడదు.