మీటది తప్పా, చేతిదా?

పాల్ ఫిట్స్ (1912–1965) రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనిక విమాన దళానికి మనస్తత్వ పరిశోధకుడు. 1947లో రిచర్డ్ జోన్స్‌తో కలిసి, పైలట్లు చెప్పిన 460 పొరపాట్లను పరిశీలించారు. వాటిలో దాదాపు సగం ఒక మీట బదులు మరొకటి కదపడమే. ఫ్లాప్‌ల మీట అనుకుని చక్రాల మీట లాగితే విమానం పొట్ట మీద కూలబడేది. రెండూ పక్కపక్కనే, ఒకే తీరుగా ఉంటే చేయి పొరబడక ఏం చేస్తుంది? నేరం పైలట్ మీద మోపడం తేలిక. మీటను మార్చమనడానికి కొలతలు కావాలి.

1949లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాక ఆయన చేసింది ఆ కొలతల పనే. లక్ష్యం దూరాన్నీ వెడల్పునూ బట్టి చేయి దాన్ని చేరే సమయాన్ని లెక్కగట్టే సూత్రం 1954 నాటిది. కంప్యూటర్ తెర మీది బొత్తాలకూ అదే వర్తిస్తోంది. 1958లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి మారి, 53వ ఏట మరణించారు. ఈ సంచికలోని విమాన భద్రత వ్యాసాలను ఆ 460 పొరపాట్లను గుర్తుంచుకుని చదవాలని మనవి.