సైబీరియా పిచ్చి

శీతకాలం రాగానే మన పత్రికలకు టెక్కలి దగ్గరి తేలినీలాపురం గుర్తుకొస్తుంది. "సైబీరియా నుండి ఎగిరొచ్చిన విదేశీ అతిథులు" అన్న వాక్యం అచ్చులో పడుతుంది. సెలవులకు పిల్లలతో వెళ్ళొచ్చినవారూ అదే అప్పజెబుతారు.

ఉత్తరాది చలిదేశాల నుండి మన చెరువులకు సూదితోక బాతుల వంటివి వచ్చే మాట నిజమే. కానీ తేలినీలాపురం చెట్లపై గూళ్ళు కట్టే గూడబాతులూ, పెయింటెడ్ స్టార్క్ కొంగలూ అచ్చంగా దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. చలికాలపు విడిదికి వచ్చిన వలసపక్షి ఇక్కడ గుడ్లు పెట్టదన్న చిన్న సంగతైనా ఎవరికీ తట్టదేమి? కానుపుకు పుట్టింటికొచ్చిన ఆడపడుచును గుమ్మంలో నిలబెట్టి "మీదే దేశం తల్లీ?" అని అడిగినట్టుంది!

పేరు తగాదాయే అయితే నవ్వి ఊరుకుందును. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో అక్కడ వందకు పైగా గూడబాతులు చచ్చి రాలిపడ్డాయి. కారణం కడుపులోని నులిపురుగులని తేలింది. చేపల చెరువుల్లోని తిండి నుండి సోకాయని అనుమానించారు. ఆ చెరువులు సైబీరియాలో లేవు. అతిథి అనుకుంటే మన పూచీ విడిదింటితో సరి. ఊరిబిడ్డ అంటే ఏ నీళ్ళలో ఏం తింటోందో అడగవలసి వస్తుంది. అందుకేనేమో సైబీరియా మనకంత ముద్దు!

గూళ్ళు ఖాళీ అయ్యాక ఇవి ఏ చెరువులకు పోతున్నాయో చెప్పే వార్త మాత్రం నేనింతవరకూ చదవలేదు.