సైరన్ మోగితే చాలదు, అర్థం కావాలి

1999 అక్టోబరు నెలలో ఒడిశా తీరం రెండు తుపానులను చవిచూసింది. 17వ తేదీ తుపాను గోపాల్‌పూర్ పరిసరాలను దెబ్బతీయగా, 29వ తేదీ వచ్చిన మహా తుపాను సుమారు 10 వేల మందిని బలిగొన్నది. పద్నాలుగేళ్ల తర్వాత, 2013 అక్టోబరు 12న, ఫైలిన్ తుపాను గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలులతో గోపాల్‌పూర్ వద్దనే తీరం దాటింది. ఈసారి మృతుల సంఖ్య పదులలోనే ఆగిపోయింది. తుపానుకు ముందే దాదాపు 10 లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించడమే ఇందుకు కారణం.

ఈ మార్పు ఒక్కనాటిది కాదు. 1999 డిసెంబరులోనే రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ఏర్పడింది. 2001లో ప్రత్యేక సత్వర సహాయ దళం రూపుదిద్దుకున్నది. తీరం పొడవునా 800కు పైగా తుపాను ఆశ్రయ భవనాలు లేచాయి. ప్రతి భవనానికీ స్థానికులతోనే ఒక కమిటీని నియమించి, గాలింపు, ప్రథమ చికిత్స, ఆశ్రయ నిర్వహణలలో యువతీయువకులకు శిక్షణ ఇచ్చారు. 2018లో గంజాం సహా ఆరు తీర జిల్లాలలో 122 సైరన్ స్తంభాలు నెలకొల్పారు. భవనాలు, స్తంభాలు డబ్బుతో వస్తాయి. వాటిని నమ్మి ఇల్లు విడిచే అలవాటు మాత్రం ఏళ్ల తరబడి సాగే శిక్షణతోనే వస్తుంది. పడవను, వలను, మేకను వదలి రావలసిన మత్స్యకారునికి ఆ నమ్మకం కలిగించడమే ఈ పనిలో అన్నింటికన్నా కష్టమైనది.

రెండు పల్లెల పాఠం

తుపాను రాకను రోజుల ముందే పసిగట్టవచ్చు. సునామీ అంత వ్యవధి ఇవ్వదు. 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద భూమి కంపించిన రెండు మూడు గంటలలోనే మన తూర్పు తీరాన్ని అలలు తాకాయి. ఆ అనుభవం తర్వాత, 2007లో హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రంలో సునామీ హెచ్చరికల విభాగం ఏర్పాటయింది. అయితే అక్కడి నుంచి వెలువడే హెచ్చరిక పల్లెలోని చివరి గుడిసెకు చేరిన తర్వాత ఏం చేయాలో ఆ పల్లెకు ముందే తెలిసి ఉండాలి.

ఈ పరీక్షలో 2020లో ఒడిశా పల్లెలు రెండు నెగ్గాయి. గంజాం జిల్లా వెంకటరాయిపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి యునెస్కో నుంచి ‘సునామీకి సన్నద్ధం’ అన్న గుర్తింపు పొందాయి. ముంపు ప్రాంతాల పటం, తరలింపు దారులు, ప్రజలకు అవగాహన, మాదిరి విన్యాసాల నిర్వహణ వంటి ప్రమాణాలను నెరవేర్చిన పల్లెకే ఈ గుర్తింపు లభిస్తుంది. 2024లో ఒడిశాలోని మరో 20కి పైగా పల్లెలు ఈ జాబితాలో చేరాయి. గుర్తింపు శాశ్వతం కాదు. గడువు ముగిసిన తర్వాత మళ్లీ పరీక్షకు నిలవాలి.

ఇంటి భాష, హెచ్చరిక భాష

నోలియాసాహి పేరులోనే నోలియాలున్నారు. ఒడిశా తీరంలో తరతరాలుగా వేట సాగిస్తున్న తెలుగు మత్స్యకారులను స్థానికులు పిలిచే పేరది. వాడబలిజలు, జాలారులు వీరిలో ముఖ్యులు. 1936 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కావడం తెలిసిందే. నేటికీ ఈ పల్లెలలో ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. పిల్లలు రెండూ నేర్చుకుంటారు. ఒడియా చదవలేని వృద్ధులు, పల్లె దాటి ఎక్కువగా వెళ్లని స్త్రీలు మాత్రం తెలుగు మీదనే ఆధారపడతారు. పగటి వేళ వేటకు, చేపల అమ్మకానికి ఇంట్లోవారు వెళ్లిపోయినప్పుడు ప్రమాదం వస్తే పసిబిడ్డలతో మిగిలేది వీరే. తరలింపు దారి చూపే ఫలకం ఒడియాలో మాత్రమే ఉంటే వారికి అది గోడ మీది బొమ్మతో సమానం.

ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. విన్యాసం జరిగేటప్పుడు మైకులో రెండు భాషలూ వినిపించాలి. అగ్నిమాపక, సహాయ దళాల సిబ్బంది పల్లెకు వచ్చినప్పుడు స్థానిక తెలుగు యువకులను శిక్షకులుగా వెంట ఉంచుకోవాలి. కుల పెద్దలను, మహిళా సంఘాలను ముందే సంప్రదించాలి. భూమి కంపించినా, సముద్రం హఠాత్తుగా వెనక్కి వెళ్లినా సైరన్ కోసం ఆగకుండా మెరకకు చేరాలన్న ఒక్క మాట ప్రతి అవ్వకూ తన భాషలో కంఠతా రావాలి.

తీరం దాటిన తర్వాత

మరో లోటును 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపాను బయటపెట్టింది. శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటిన ఈ తుపాను ఒడిశాలో 70 మందికి పైగా ప్రాణాలు తీసింది. గజపతి జిల్లా బారాఘరాలో వానకు తల దాచుకున్నవారి మీద కొండచరియ విరిగిపడింది. గాలికి, అలకు తీరం సిద్ధపడింది గాని, వానకు, జారే మట్టికి కొండ సిద్ధపడలేదు. తుపాను తీరం దాటడంతో ప్రమాదం తీరిపోలేదని కొండ పల్లెలకూ ఎవరో ముందే చెప్పి ఉండవలసింది. అక్కడి సవర కుటుంబాలకు అది సవర భాషలోనే చెప్పాలి.

ఎన్ని శిక్షణ శిబిరాలు జరిగాయన్నది నివేదికలలో కనిపించే లెక్క. సైరన్ మోగినప్పుడు పల్లెలోని అవ్వ ఎవరినీ అడగకుండా సరైన దారి పట్టగలదా అన్నదే అసలైన లెక్క. ఈ రెండో లెక్క తేలాలంటే అధికారులు ఆమెను ఆమె భాషలోనే అడగాలి.