ఎవరిచ్చారమ్మా మాట?

జాతకాల పిచ్చి మన దేశంలోనే పుట్టిందని ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఒక్కసారి అమెరికా వెళ్ళి, బేస్‌బాల్ అభిమానుల మధ్య ఓ సాయంత్రం కూర్చుని రావాలి. మన పంతులుగారే నయం. బిడ్డ పుట్టిన ఘడియ అడిగి, చక్రం వేసి, గురుబలం బాగుందని చెప్పి, దక్షిణ పుచ్చుకుని లేచి వెళ్ళిపోతాడు. పాతికేళ్ళ తర్వాత తాను చెప్పిన కలెక్టరుగిరీ రాలేదని ఆ బిడ్డ గుమ్మం ముందు నిలబడి శాపనార్థాలు పెట్టడు. వీళ్ళు పెడతారు. అదే నాకూ వాళ్ళకీ పేచీ.

"ఆ ఆటతో మనకేం పని?" అని పేజీ తిప్పేయకండి. టెక్సాస్ రాష్ట్రంలో ఫ్రిస్కో అనే ఊరుంది. మన తెలుగు కుటుంబాలు బోలెడన్ని కాపరాలు పెట్టిన ఊరు. మా అమ్మాయి ఉండేదీ అక్కడే. ఆ ఊళ్ళో రఫ్‌రైడర్స్ అనే టీము ఆడుతుంది. టెక్సాస్ రేంజర్స్ అనే పెద్ద టీముకి కుర్రాళ్ళని సానబట్టి పంపే పిల్ల టీము అది. మనవలు పెరిగే ఊళ్ళో మనుషుల్ని ఏ తక్కెడలో తూస్తున్నారో అమ్మమ్మలం మనం అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు?

ముందు లెక్క చెబుతాను. అక్కడ పెద్ద టీములు 30. ఒక్కో టీములో 26 మంది. మొత్తం కలిపి 780 కుర్చీలు. ఒక్కో పెద్ద టీము కింద మెట్లు మెట్లుగా నాలుగేసి పిల్ల టీములు, అంటే 120. ఏటా జూలైలో డ్రాఫ్టు అని ఒక వేడుక జరుపుతారు. 20 విడతలుగా ఆరువందల మందికి పైగా కుర్రాళ్ళని టీములు పంచుకుంటాయి. ఇవికాక డొమినికన్ రిపబ్లిక్ నుంచీ, వెనెజులా నుంచీ పదహారేళ్ళు నిండగానే సంతకం పెట్టించుకుని తెచ్చే పిల్లలు వేరే. 780 కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఓ పట్టాన లేవరు కదా! ఆర్టీసీ బస్సు కిటికీలోంచి జేబురుమాళ్ళు వేసిన వాళ్ళందరికీ సీట్లు దొరకనట్టే, వీళ్ళలో ఎక్కువమంది పెద్ద టీము గడప తొక్కకుండానే ఇంటికి పోతారు. ఇది ఎవరి తప్పూ కాదు. ఉత్త కూడికలూ తీసివేతలూ.

కూడికలు తెలిసిన అభిమానులే దీన్ని కుర్రాడి తప్పు కింద జమకడతారు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

కుర్రాళ్ళని చూసి రావడానికి టీములు స్కౌట్లనే మనుషుల్ని పంపుతాయి. మన పెళ్ళిచూపుల పెద్దలన్నమాట. వీళ్ళు 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. 50 అంటే పెద్ద టీములో మధ్యరకం. బంతిని కొట్టడానికి ఒక మార్కు, దూరం కొట్టడానికి ఒకటి, పరుగుకి ఒకటి, విసురుకి ఒకటి, పట్టుకోవడానికి ఒకటి. అంతటితో ఆగరు. ఒడ్డూ పొడుగూ చూస్తారు, భుజాల వెడల్పు చూస్తారు, ఇంకా ఒళ్ళు చేస్తాడా అని తండ్రిని ఎగాదిగా చూస్తారు. "ముఖం బాగుంది" అని కూడా రాసుకునేవారట! ఓసారి నడిచి చూపించమ్మా, ఓ పాట పాడమ్మా, అనిపించుకున్న మన తరం ఆడవాళ్ళకి ఇందులో అర్థంకాని ముక్క ఒక్కటీ లేదు. మనల్ని చూసి వెళ్ళినవాళ్ళు కనీసం ఉత్తరం రాసి ఊరుకునేవారు. ఈ కుర్రాళ్ళ మార్కులు పత్రికల్లో అచ్చవుతాయి. 'బేస్‌బాల్ అమెరికా' అనే పత్రిక 1990 నుంచీ ఏటా నూరుమంది కుర్రాళ్ళకి వరసగా ర్యాంకులు వేస్తోంది. అది చేతికి రావడం ఆలస్యం, అభిమానులు తక్కెడలు పట్టుకుని బయల్దేరతారు.

ఫ్రిస్కో మైదానంలో నేను విన్నాను. ఔట్‌ఫీల్డు పక్కన జనం నీళ్ళలో తేలుతూ ఆట చూసే ముచ్చటైన మైదానం అది. మా వెనక వరసలో ఇద్దరు పెద్దమనుషులు పేలాలు నములుతూ ఓ కుర్రాడి భవిష్యత్తు తేలుస్తున్నారు. "ఇప్పుడే ఇచ్చేస్తే మంచి పిచర్ వస్తాడు, వచ్చే ఏడాదికి వీడి ధర పడిపోతుంది" అంటాడొకడు. "వీడొక్కడికే ఎలా వస్తాడు, ఇంకో ఇద్దర్ని కలపాలి" అంటాడు రెండోవాడు. ధర, కలపడం, ఇచ్చేయడం! పశువుల సంతలో కూడా గిత్త చెవికి వినబడకుండా తుండుగుడ్డ కింద వేళ్ళతో బేరమాడతారే! ఇక్కడ ఆ కుర్రాడు నాలుగు గజాల దూరంలో నిలబడి ఉన్నాడు.

బేరమంటే గుర్తొచ్చింది. వాళ్ళ ఒప్పందాల్లో "పేరు తర్వాత చెప్పబోయే ఆటగాడు" అని ఒక మాట ఉంది. కూరగాయలవాణ్ణి కొసరు అడిగినట్టు, ఇప్పుడు ఒకణ్ణి ఇచ్చి పుచ్చుకుని, కొసరు ఎవరో తర్వాత తేల్చుకుంటారు. 1962లో హారీ చిటీ అనే ఆయన్ని క్లీవ్‌లాండ్ టీము అలాగే న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చింది. కొన్ని వారాలయ్యాక ఆ పేరు తర్వాత చెప్పబోయే ఆటగాడుగా మెట్స్ తిరిగి పంపిందెవర్ననుకున్నారు? ఆ హారీ చిటీనే! నవ్వొస్తుంది, నిజమే. ఆ మనిషి భార్య సామాను సర్దిన సంగతి తల్చుకుంటే నవ్వు ఆగిపోతుంది. 1996లో ఇలాగే కొసరుగా మినెసోటాకి వెళ్ళిన డేవిడ్ ఓర్టిజ్ అనే కుర్రాడు 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. కొసరు వంకాయలో ఏముందో తక్కెడకేం తెలుసు?

తక్కెడ ఎంత గొప్పదో ఇంకా చెప్పమంటారా? మైక్ ట్రౌట్ మూడుసార్లు లీగులో అత్యుత్తమ ఆటగాడు అనిపించుకున్నాడు. 2009 డ్రాఫ్టులో అతన్ని పిలిచింది 25వ పేరుగా. అతన్ని తీసుకున్న ఏంజెల్స్ టీము కూడా అంతకు ముందు 24వ పేరు తనదే అయితే వేరే కుర్రాణ్ణి పిలిచింది. 703 హోమ్ రన్లు కొట్టి 2022లో ఆట మానిన ఆల్బర్ట్ పుహోల్స్ 1999లో 402వ వాడు. 1988లో మైక్ పియాజా అయితే 1390వ వాడు. వాళ్ళ నాన్నకీ, డాడ్జర్స్ మేనేజరు టామీ లసోర్డాకీ స్నేహం కాబట్టి మొహమాటానికి పిలిచారు. మొహమాటానికి పిలిచినవాడు 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు! వెనెజులాలో హోసే అల్తూవేని మరీ పొట్టివాడివని వెనక్కి పంపేశారు. మర్నాడు తండ్రి మళ్ళీ వెళ్ళమని తరిమితే వెళ్ళాడు. 2007లో 15,000 డాలర్లకి సంతకం పెట్టాడు. 2017లో లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. వీళ్ళ కథలు అభిమానులు కళ్ళొత్తుకుంటూ చెబుతారు. ఇన్నిసార్లు తప్పిన తక్కెడని మాత్రం అవతల పారేయరు.

ఇక రెండో కథ వినండి. 1991లో న్యూయార్క్ యాంకీస్ దేశంలోకల్లా మొదటి పేరుగా బ్రయన్ టేలర్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి పిలిచింది. టీము మొదట ఇస్తానన్నది మూడు లక్షల డాలర్లు. వాళ్ళమ్మ బెట్టీ టేలర్ ఒప్పుకోలేదు. ముందటేడు ఇంకో కుర్రాడికి పన్నెండు లక్షలిచ్చారు కదా, మావాడికెందుకివ్వరని నిలదీసింది. చివరికి 15,50,000 డాలర్లు ఇప్పించింది. ఆ తల్లికి నా నమస్కారం. 1992లో పత్రికలో మొదటి ర్యాంకు ఆ కుర్రాడిదే. 1993 డిసెంబరులో అన్నదమ్ముడి తరఫున తగువులోకి వెళ్ళి, బంతి విసిరే భుజం విరగ్గొట్టుకున్నాడు. తర్వాత ఆ విసురు తిరిగి రాలేదు. పెద్ద టీములో ఒక్క ఆటా ఆడలేదు. ముప్ఫై ఏళ్ళు దాటినా డ్రాఫ్టు రోజు వచ్చిందంటే చాలు, "తాలు గింజలు" అనే జాబితా వేసి అందులో అతని పేరు పైన రాస్తారు. భుజం విరిగింది అతనిది. ఆటపోయింది అతనికి. వీళ్ళకి పోయిందేమిటి?

అడిగితే వాళ్ళు చెప్పే మాటొకటుంది: "ప్రామిస్ నిలబెట్టుకోలేదు" అని. ఇంగ్లీషులో అప్పు తీరుస్తానని ఇచ్చిన మాటకీ అదే పదం, కుర్రాడిలో కనబడే మంచి లక్షణానికీ అదే పదం. ఈ రెండింటినీ కలిపి కలగూరగంప చేసి కూర్చున్నారు. ఎవరిచ్చారమ్మా మాట? పందొమ్మిదేళ్ళవాడు బంతి విసిరాడు. చూసిన మీకు ఆశ పుట్టింది. ఆశ మీ పొయ్యి మీద ఉడికింది, వడ్డించుకున్నదీ మీరే. అజీర్తి చేస్తే వాణ్ణి తిడతారేం?

"టీము అన్నాక కుర్రాళ్ళని ఏరుకోవద్దా?" అంటారు. ఏరుకోమనండి. ఏరుకునేవాడు డబ్బు పెడతాడు. ఏరుడు తప్పితే వాడి డబ్బు పోతుంది. వాడి తూకానికి వాడే పూచీ. పైసా పెట్టని మనిషి పేలాలు తింటూ తూచే తూకానికి పూచీ ఎవరు?

"ఇదంతా ప్రేమే" అంటారు. మా చుట్టాల్లో ఒకాయన కూడా మేనల్లుళ్ళని ప్రేమతోనే మార్కులడిగేవాడు. తొంభై వచ్చినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునేవాడు, అరవై వచ్చినవాడు వంటింటి దారిన పోయేవాడు. పిల్లలు ఆయన ప్రేమని ఎలా గుర్తుపెట్టుకున్నారో ఆ పిల్లల్నే అడగాలి.

"లక్షల డాలర్లు పుచ్చుకున్నారు కదా, మాట పడాలి" అంటారు. ఇది అన్నిటికంటే పెద్ద అబద్ధం. లక్షలొచ్చేది మొదటి కొద్దిమందికి. తక్కినవాళ్ళ సంగతి వినండి. 2018లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. పేరేమో జాతీయ క్రీడని కాపాడే చట్టం. చేసిన పనేమో పిల్ల టీముల కుర్రాళ్ళని కనీస వేతనాల చట్టం నుంచి తప్పించడం! కుర్రాళ్ళు వేసిన జీతాల దావా 2022లో 18 కోట్ల 50 లక్షల డాలర్లకి రాజీ అయింది. ఆ ఏడే సంఘం పెట్టుకున్నారు. 2023 ఒప్పందంతో ఫ్రిస్కో టీము ఆడే మెట్టులో ఏడాది జీతం 13,800 డాలర్ల నుంచి 30,250 డాలర్లకి పెరిగింది. అంతకు ముందు ఒకే గదిలో నలుగురైదుగురు నేల మీద పడుకున్న కుర్రాళ్ళున్నారు. ఏ కుర్రాడి విసురు 60 మార్కులదో, ఎవడి పరుగు 45 మార్కులదో కంఠతా చెప్పే అభిమానుల్లో, వాడు రాత్రి ఏం తిన్నాడని అడిగినవాళ్ళెందరు?

మన దేశం కుర్రాళ్ళూ ఈ తక్కెడలో కూర్చున్నారు. 2008లో ఒక పోటీ పెట్టి, ఉత్తరప్రదేశ్ నుంచి రింకూ సింగ్, దినేష్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ కుర్రాళ్ళని అమెరికా తీసుకెళ్ళారు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంతకం పెట్టించుకుంది. ఎన్నడూ ఎరగని ఆట కొద్ది నెలల్లో నేర్చుకుని ఆ దేశంలో జీతానికి ఆడారు. 2014లో సినిమా కూడా తీశారు. పెద్ద టీముకి మాత్రం ఇద్దరూ చేరలేదు. దీన్ని ఓటమి అనేవాళ్ళకి చేతులెత్తి దణ్ణం.

మార్క్ ఆపెల్ కథ చెప్పి ముగిస్తాను. 2013లో దేశంలో మొదటి పేరు అతనిది. భుజం నొప్పీ, ఓటములూ, ఎగతాళీ పడలేక 2018లో ఆట మానేశాడు. 2021లో తిరిగొచ్చాడు. 2022 జూన్‌లో ముప్ఫయ్యో ఏట ఫిలడెల్ఫియాకి మొదటిసారి ఆడాడు. మొత్తం ఆరంటే ఆరు ఆటలు. జాబితాల లెక్కలో ఇప్పటికీ తాలు గింజే. తొమ్మిదేళ్ళు దెప్పుళ్ళు మోసి, మళ్ళీ లేచి నిలబడ్డవాడికి 20 నుంచి 80 దాకా ఉన్న ఆ కొలబద్దలో వేయడానికి మార్కు లేదు. ఉన్న లోపం కొలబద్దలో కాక ఎవరిలో?

వాళ్ళనంటున్నానని మనం మురిసిపోనక్కర్లేదు. మన వీధి మొగల్లో కోచింగు కాలేజీ బోర్డుల మీద తపాలా బిళ్ళలంత ఫొటోల కింద అంకెలు వేసుకున్న పిల్లలెవరు? బోర్డెక్కని పిల్లలు ఏ దారిన ఇంటికొస్తున్నారో కనుక్కున్నామా? పదో తరగతిలో చురుగ్గా ఉన్నవాడు ఇంటర్లో తడబడితే "మన ఆశలన్నీ వమ్ము చేశాడు" అని చుట్టాల ముందు కూర్చోబెట్టి అంటాం. వాడేమన్నా నోటు రాసిచ్చాడా?

పిల్లల్ని చూసి ఆశపడండి, ఎవరొద్దన్నారు? ఆశ లేకపోతే ఆటా లేదు, సంసారమూ లేదు. ఆ పద్దు మాత్రం మీ పేర రాసుకోండి. పసివాళ్ళ పేర రాయకండి.