రంగూను దూరము, ఢిల్లీ దూరము

శ్రీముఖలింగమునుండి ఆకాశమార్గమున సూటిగా గొలిచినచో ఢిల్లీ ఇంచుమించు 1,300 కిలోమీటర్లు. రంగూనును అంతియే. పటము ముందుంచుకొని నూలుపోగుతో గొలిచినవారి కిది యాశ్చర్యము గాదు. కాని నేడు వంశధారాతీరమున నెవ్వరి నడిగినను ఢిల్లీ మనదనియు, రంగూను దేశాంతరమనియు జెప్పుదురు. వారి తాతల నడిగియున్న, రంగూనే దగ్గర యనియుందురు.

గంగరాజుల కళింగనగర మీ ముఖలింగమే యని చరిత్రకారులు చెప్పుచున్నారు. ఆ వంశధార సముద్రమున గలియుచోట కళింగపట్టణపు రేవు గలదు. అచ్చటినుండియు, భీమునిపట్టణ విశాఖపట్టణములనుండియు స్టీమరెక్కి కూలికై బర్మా జేరినవారు వేనవేలు. రంగము పోయినాడనుట పొరుగూరు పోయినాడన్నంత తేలికమాటగా నుండెడిది. 1937లో బర్మా హిందూదేశమునుండి వేరుచేయబడెను. 1941 డిసెంబరులో రంగూనుపై జపానువారి బాంబులు పడెను. మరుసటియేడు లక్షలమంది అడవులు, కొండలు గడచి కాలినడకను వచ్చిరి; దారిలో రాలినవారెందరో! మిగిలియుండినవారిలో పెక్కండ్రు 1964 మొదలు ఓడలపై తిరిగివచ్చిరి. విశాఖలోని బర్మాక్యాంపు వారి పేరనే వెలసినది. సముద్రము వెడల్పు ఒక్క గజమైనను పెరుగలేదు. పెరిగినది రాజ్యముల నడిమి దూరము.

విశాఖనుండి ఢిల్లీకి విజయవాడ మీదుగా రైలుదారి రమారమి 2,100 కిలోమీటర్లు. ఒకటిన్నర దినముల ప్రయాణము. విమానము 1,360 కిలోమీటర్ల సూటిదారిని రెండుగంటల పైచిలుకులో ముగించును. విశాఖకు రంగూనును అంత దూరముననే యున్నది. రెక్కలున్నదానికి వింధ్యయైన నేమి, సముద్రమైన నేమి? బర్మా గడియారము మనకంటె ఒక గంట ముందు గనుక, ఉదయ మెనిమిదింటికి బయలుదేరినవాడు అచ్చటి లెక్కను పదకొండున్నరకు దిగవలెను. కాని సూటివిమానము లేదు. మరియొక నగరమునకు బోయి, అచ్చట గాచుకొని, వేరొక విమానమెక్కవలెను. రెండుగంటల దారి దినమంతయు బట్టును.

రేపే రంగూనునకు విమానము నడుపుడని మేము కోరుటలేదు. 2021 ఫిబ్రవరిలో సైన్య మధికారము నాక్రమించినది మొదలు ఆ దేశమునకు శాంతి కరవైనది. ప్రయాణపు దూరము భూగోళశాస్త్రము నిర్ణయించునది గాదు, మార్గములు వేయువారు నిర్ణయించునది యని మాత్రమే మా వాదము.

ఇంకొక దూరము గలదు. దానిని టిక్కెట్టుపై నచ్చువేయరు. ముఖలింగమునుండి విశాఖ విమానాశ్రయమునకు రోడ్డున రమారమి 150 కిలోమీటర్లు. మూడుగంటలు పట్టునది, అనగా ఢిల్లీ చేరుటకంటె విమానమెక్కుటకే ఎక్కువ కాలము! భోగాపురమున 2026 జనవరి 4న తొలి పరీక్షావిమానము దిగెను. విశాఖకు బోవుటతో బోల్చిన, శ్రీకాకుళమువారికి ఆ విమానాశ్రయము ఇంచుమించు సగము దూరమే. రైతులు వదలుకొన్న రెండువేలకు పైబడిన యెకరములపై నది లేచినది. కారున్నవానికి దాని లాభము వెంటనే యందును. గల్ఫు పనికి బోవు ఉద్దానపు కుఱ్ఱవాడు సంచి భుజాన వేసికొని అర్ధరాత్రి ఏ బస్సెక్కవలెను? శ్రీకాకుళము, టెక్కలి, పలాసలనుండి విమానముల వేళలకు సరిపడునట్లు బస్సులు నడుపవలెననియు, ఆ వేళలపట్టిక బస్సుస్టాండులందు తెలుగున వ్రాసి కట్టవలెననియు ప్రభుత్వమును కోరుచున్నాము.